దుత్త మీద తీర్చుకున్న కోపం

మ్యూనిక్‌కి పంపిన పార్సిలు ఏడు వారాల తరవాత ఇంగ్లండులోని స్లౌలో మా గుమ్మం ముందుకే తిరిగొచ్చింది. అది 2021 ఫిబ్రవరి నెలాఖరు. పెట్టె మూలలు నలిగిపోయాయి. నేను వేసిన గోధుమరంగు టేపు మీద జర్మనీ కస్టమ్స్ వాళ్ల టేపు, దాని మీద ఇంకేదో స్టిక్కరు. లోపల ఏడాది పాపకు కుట్టిన ధర్మవరం పట్టు పరికిణీ, జాకెట్టు. చిలకాకుపచ్చ మీద మెరూన్ అంచు. పెట్టె మూసేముందు ఒక తెల్ల కాగితం తీసుకుని, నాలుగు మూలలా పసుపు పెట్టి, పాపకు దీవెనలు రాసి బట్టల మీద ఉంచాను. ఆ కాగితం మడత చెదరకుండా అలాగే ఉంది. పాప మొదటి పుట్టినరోజు జనవరిలోనే అయిపోయింది.

పాప వాళ్లమ్మ తప్పేమీ లేదు. 90 యూరోల బట్టలకు 19 శాతం వ్యాట్ కట్టి, కస్టమ్స్ ఆఫీసుకొచ్చి పట్టుకెళ్లమని చీటీ వచ్చిందట. కరోనా రోజులు. చంకలో పిల్ల. "డబ్బు గురించి కాదక్కా, అక్కడిదాకా వెళ్లి నిలబడే ఓపిక లేక వదిలేశాను" అంది. ఆమె డబ్బు ఆమెకు తిప్పి పంపేశాను. కిందటి ఏడాది వరకు ఇలాంటివి ఎన్ని పంపానో లెక్కలేదు. పోస్టాఫీసులో తూకం వేయించి అడ్రసు రాస్తే సరిపోయేది. ఇక్కణ్ణించి మ్యూనిక్‌కి పంపడమంటే తెనాలి నుంచి గుంటూరు పంపినట్టే ఉండేది.

ఆ పెట్టె వంటింటి బల్ల మీద పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. దాన్ని తిప్పి పంపింది జర్మనీ వాళ్లని అనుకోవడానికి మనసొప్పలేదు. 2016 జూన్ 23న మా వీధి చివర బడిలో, పెన్సిలు పట్టుకుని, యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి రావాలి అన్న గడిలో ఇంటూ గుర్తు పెట్టిన కోటీ 74 లక్షల మందిలో నేనూ ఒకదాన్ని.

బ్రెగ్జిట్‌కి ఓటేసిన భారతీయులున్నారంటే మనవాళ్లు ఇప్పటికీ నమ్మరు. అప్పటికి నా చేతిలో ఉన్నది ఇండియా పాస్‌పోర్టే. అయినా కామన్వెల్త్ దేశాల పౌరులు ఇక్కడ చట్టబద్ధంగా నివసిస్తుంటే ఓటు ఉంటుంది, నాకూ పోలింగ్ కార్డు ఇంటికొచ్చింది. మా పక్కింట్లో పదకొండేళ్లుగా ఉంటున్న పోలండ్ ఆవిడకు మాత్రం రాలేదు. ఐర్లాండు, మాల్టా, సైప్రస్ వాళ్లకు తప్ప ఈయూ దేశాల వాళ్లెవరికీ ఆ ఓటు లేదు. ఎవరి బతుకు గురించి ఆ ఓటు జరుగుతోందో వాళ్లు కిటికీలోంచి చూస్తూ కూర్చోవాలి. వాళ్ల సంగతి తేల్చే పెన్సిలు నా చేతికిచ్చారు.

ఆ పెన్సిలు నేను కోపంతో పట్టుకున్నాను. ఆ కోపం ఎక్కడ పుట్టిందో చెప్పాలి.

2014లో నాన్న పోయాడు. తెనాలిలో ఆ ఇంట్లో అమ్మ ఒక్కతే మిగిలింది. నేను ఒక్కదాన్నే సంతానం. తెచ్చి మా దగ్గర పెట్టుకుందామంటే, 2012 జులైలో ఇక్కడి ప్రభుత్వం తెచ్చిన నియమం ఒకటి అడ్డం పడింది. తల్లిదండ్రులను శాశ్వతంగా తెచ్చుకోవాలంటే, ఒకరి సాయం లేకుండా వాళ్లు స్నానం చేయలేని, అన్నం తినలేని స్థితిలో ఉన్నారని నిరూపించాలి. అది చాలదు. మనం ఎంత డబ్బు పంపినా ఆ సాయం అక్కడ దొరకదని కూడా నిరూపించాలి. వకీలు కాగితాలు పక్కన పెట్టి, "మీ అమ్మగారు వంట చేసుకుంటారా?" అని అడిగాడు. చేసుకుంటుందన్నాను. "అయితే రాదు" అన్నాడు. మిగిలింది ఆరు నెలల విజిటర్ వీసా. దానికి అమ్మ పొలం కాగితాలు, బ్యాంకు పుస్తకాలు సంచిలో పెట్టుకుని హైదరాబాదు వెళ్లి వేలిముద్రలు వేసి రావాలి. వచ్చిన ప్రతిసారీ విమానాశ్రయంలో "ఎప్పుడు వెళ్లిపోతావు?" అన్నదే మొదటి ప్రశ్న.

అదే ఏడాది పక్కింటి ఆవిడ వాళ్లమ్మ వచ్చింది. ఒక పగలూ ఒక రాత్రీ బస్సులో కూర్చుని వ్రొత్స్వాఫ్ నుంచి లండన్ విక్టోరియాలో దిగింది. చేతిలో గుర్తింపు కార్డు, ఒక సంచి, సీసా నిండా ఊరబెట్టిన దోసకాయలు. వీసా లేదు, ప్రశ్నలు లేవు. కావాలంటే ఉండిపోవచ్చు, ఉండిపోయింది కూడా. మా అమ్మాయి ఆవిణ్ణి వాళ్ల మనవడితో పాటు "బాబ్చా" అనేది. పోలిష్‌లో అమ్మమ్మ అని.

ఇక్కడ దాచకుండా చెప్పాల్సింది ఒకటుంది. బాబ్చా నాకు ఎంత సాయం చేసిందో చెప్పలేను. నేను పరికిణీలు కుట్టి అమ్మడం మొదలుపెట్టింది ఆ రోజుల్లోనే. మంగళగిరి, ధర్మవరం నుంచి గుడ్డ తెప్పించి, ఇక్కడే కొలతలకు కత్తిరించి కుట్టేదాన్ని. మిషను పని నాది, చేతికుట్టు ఆవిడది. మధ్యాహ్నం పూట వచ్చి మా కిటికీ పక్కన కూర్చుని, కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని అంచులకు హెమ్మింగ్ చేసేది. జరీ మీద సూది ఎక్కడ దిగిందో పై నుంచి కనబడేది కాదు. మా ఇద్దరికీ ఉమ్మడి భాష లేదు. నేను తెలుగులో, ఆవిడ పోలిష్‌లో మాట్లాడుకునేవాళ్లం, పని నడిచిపోయేది. డబ్బులిస్తే తీసుకునేది కాదు, పులిహోర పెడితే డబ్బా ఖాళీ చేసేది.

ఆవిణ్ణి చూసినప్పుడల్లా ఒక పక్క ప్రేమ, ఇంకో పక్క కడుపు మంట. ఆ కుర్చీలో కూర్చోవలసింది మా అమ్మ కదా అనిపించేది. సాయంత్రం బాబ్చా వెళ్లిపోయాక తెనాలి ఫోన్ చేస్తే, అమ్మ ఒంటరిగా టీవీ చూస్తూ ఉండేది. ఆ మంట రెండేళ్లు పెంచుకున్నాను.

అప్పుడే ప్రచారం మొదలైంది. అప్పటి ఉపాధి మంత్రి ప్రీతి పటేల్ కర్రీ హోటళ్లను కాపాడుకుందాం అని తిరిగింది. యూరప్ వాళ్లకు తలుపులు బార్లా తెరిచి, మన ఉపఖండం నుంచి వంటవాళ్లను రానివ్వడం లేదు, బయటికొస్తే ఆ అన్యాయం పోతుంది అన్నది ఆ మాటల సారం. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. చెబుతున్నది గుజరాతీ ఇంటి ఆడపడుచు అయ్యేసరికి మన పంక్తికి కూడా గరిటె వస్తుందనుకున్నాను. వంటవాళ్లకు దారి తెరిస్తే తల్లులకు తెరవరా అని నాకు నేనే కలిపేసుకున్నాను. ఆ మాట ఆమె అనలేదు, ఎవరూ అనలేదు.

ముందురోజు రాత్రి మా ఆయన చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. "నీ కోపం మీ అమ్మ గురించి. ఆ రూలు రాసింది లండన్‌లో. బ్రస్సెల్స్‌కీ దానికీ సంబంధం ఏముంది?"

"అయితే వాళ్లమ్మ ఎలా వచ్చింది?" అన్నాను.

"వాళ్లమ్మ వెళ్లిపోతే మీ అమ్మ వస్తుందా?"

నేను జవాబు చెప్పలేదు, లైటార్పేశాను. తెలియక వేశానని చెప్పుకునే వీలు నాకు లేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే. అత్తను ఏమీ అనలేని కోడలు ఇంటి పాల దుత్తను నేలకేసి కొట్టింది. ఆ దుత్తలోనే తన పిల్లల పాలూ ఉన్నాయి.

మర్నాడంతా వాన. గొడుగు మడిచి బడిలోకి వెళ్లి, నిమిషంలో బయటికొచ్చాను. మా స్లౌలో 54 శాతం మంది నాలాగే వేశారు. దేశం మొత్తం మీద 51.9. తెల్లారేసరికి పౌండు పడిపోయింది, బ్రేక్‌ఫాస్టు వేళకు ప్రధాని కామెరాన్ రాజీనామా చేస్తున్నట్టు ప్రకటించాడు. పిల్లను బడికి తయారు చేస్తుంటే తలుపు చప్పుడైంది. పక్కింటి ఆవిడ. కళ్లు ఉబ్బి ఉన్నాయి. "మేం వెళ్లిపోవాలనే కదా వీళ్లందరి ఉద్దేశం?" అంది. లోపలికి తీసుకొచ్చి టీ ఇచ్చాను. "నీ గురించి కాదు" అన్నాను. తరవాత ఆవిడ అడిగింది, నువ్వు దేనికి వేశావని. "మా ఆయనా నేనూ ఉండిపోవడానికే వేశాం" అన్నాను. మా ఆయన స్టవ్ దగ్గర నిలబడి ఉన్నాడు. వెనక్కి తిరగలేదు.

నా ఓటు కన్నా ఆ అబద్ధమే నన్ను ఎక్కువ తింది.

ఆ తరవాత జరిగినవన్నీ ఒక్కొక్కటిగా నా ఇంట్లోకే వచ్చాయి. ముందు రూపాయి లెక్క. ఓటు రోజున పౌండుకు వంద రూపాయలు. అక్టోబరుకల్లా 80ల్లోకి దిగింది. అమ్మకు నెలనెలా పంపే 200 పౌండ్లు 20 వేలు అయ్యేవి, ఇప్పుడు 16 వేల చిల్లర. ధర్మవరంలో నేను కొనే గుడ్డ అక్కడ రూపాయి పెరగకపోయినా నాకు సుమారు ఐదో వంతు పెరిగింది. అయినా దేశం ఇంకా బయటికి రాలేదు కాబట్టి యూరప్ అమ్మకాలు సాగాయి. డబ్లిన్‌లో ఒక తెలుగు అక్క దసరాకు నలభై జతలు, ఉగాదికి నలభై జతలు తీసుకుని అక్కడి కుటుంబాలకు అమ్మేది. నా సంపాదనలో సగం ఆమె దయ.

2020 జనవరి 31న దేశం బయటికొచ్చింది. డిసెంబరు 31తో పాత నియమాలు నడిచిన గడువు కాలం కూడా తీరింది. క్రిస్మస్ ముందురోజు ఒప్పందం కుదిరిందనీ, సుంకాలు సున్నా అనీ టీవీలో చెబితే నేనూ ఊపిరి పీల్చుకున్నాను. ఆ సున్నా నాది కాదని డబ్లిన్‌కి పంపిన మొదటి పెద్ద పెట్టె చెప్పింది. సున్నా సుంకం బ్రిటన్‌లోనో యూరప్‌లోనో పుట్టిన సరుకుకే. నా పరికిణీ స్లౌలో కత్తిరించి, స్లౌలో కుట్టి, స్లౌలో ఇస్త్రీ చేసిందైనా, ఆ లెక్క ప్రకారం దానికి బ్రిటన్ పుట్టుక రావాలంటే గుడ్డ నేత కూడా ఇటువైపే జరగాలి. ధర్మవరం మగ్గం మీద నేసిందంటే దానికి 12 శాతం సుంకం. ఇండియా నుంచి గుడ్డ దిగినప్పుడు ఇక్కడ ఒకసారి కట్టాను. అదే గుడ్డకు పరికిణీ అయ్యాక అక్కడ ఇంకోసారి. ఐర్లాండులో చిన్నపిల్లల బట్టలకు వ్యాట్ లేకపోవడం ఒక్కటే ఊరట. పైగా కస్టమ్స్ కాగితాలు నింపే ఏజెంటు ఫీజు. నలభై జతల మీద మిగిలేదాన్ని ఏజెంటు, సుంకం కలిసి తినేశాయి. ఆ అక్క రెండు పండగలు ఓర్చుకుంది. మూడోసారి ఫోన్ చేసి, "ఏమనుకోకమ్మా, నేరుగా ఇండియా నుంచే తెప్పించుకుంటున్నాను. ఒక్కసారే కడితే సరిపోతోంది" అంది. ఏమనుకుంటాను?

చివరికి 2024 డిసెంబరు 13 నుంచి యూరప్‌లో కొత్త భద్రతా నియమం వచ్చింది. ఆహారం లాంటివి తప్పించి, అక్కడ అమ్మే వస్తువుకు బాధ్యత వహించే మనిషి అడ్రసు యూరప్‌లోనే ఉండాలి. ఉత్తర ఐర్లాండుకు కూడా అదే వర్తిస్తుంది. బెల్‌ఫాస్ట్ మేముంటున్న దేశంలోదే, ఒకటే రాజు, ఒకటే పౌండు, అయినా అక్కడి తెలుగు పిల్లకు నేను పరికిణీ పంపలేని రోజొచ్చింది. యూరప్ పేజీ మూసేశాను. ఇలాంటి చిన్న దుకాణాలు ఎన్ని మూతపడ్డాయో గానీ, ప్రభుత్వ ఖర్చుల లెక్కలు చూసే ఓబీఆర్ మాత్రం ఈయూలోనే ఉండి ఉంటే ఉండేదానికన్నా దేశ ఉత్పాదకత దీర్ఘకాలంలో 4 శాతం తగ్గుతుందన్న అంచనాతోనే లెక్కలు వేస్తూ వచ్చింది. నాలుగే కదా అనిపిస్తుంది. నాకు అది డబ్లిన్ అక్క ఫోన్‌లా వినిపిస్తుంది.

మంచి ఏమీ జరగలేదా అంటే, జరిగింది. 2025 జులై 24న భారత్, బ్రిటన్ వాణిజ్య ఒప్పందం మీద సంతకాలు పెట్టాయి. దాని ప్రకారం ఇండియా బట్టల మీద ఇక్కడి సుంకం పోతుంది. ఈయూలో ఉంటే బ్రిటన్ సొంతంగా అలాంటి సంతకం పెట్టగలిగేది కాదు. ధర్మవరం మగ్గానికి అది మేలే, నేను సంతోషించాను. కానీ ఆ గుడ్డ నా మిషను దాటి సముద్రం వైపు తిరిగితే అక్కడి గోడ అలాగే ఉంది.

వ్యాపారం పోతే పోయింది, అసలు నేను ఓటు వేసింది వ్యాపారం కోసం కాదు కదా. అమ్మ కోసం. ఆ లెక్క చెప్పాలి.

2018లో మాకు బ్రిటిష్ పౌరసత్వం వచ్చింది. మరుసటి ఏడాది చివర్లో ఇంకో వకీలు దగ్గర కూర్చుంటే ఆవిడ ఒక పేరు చెప్పింది. సురీందర్ సింగ్. బ్రిటిష్ అమ్మాయిని పెళ్లాడిన భారతీయుడు. ఇద్దరూ కొన్నాళ్లు జర్మనీలో పనిచేసి తిరిగొచ్చారు. ఆయన కేసులో 1992లో యూరప్ కోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, బ్రిటిష్ పౌరులు వేరే ఈయూ దేశంలో నిజంగా కాపురముండి, పనిచేసి తిరిగొస్తే, వాళ్ల కుటుంబానికి యూరప్ నియమాలే వర్తిస్తాయి. ఆ నియమాల్లో తల్లి వంట చేసుకోగలదా అన్న ప్రశ్న లేదు. ఆమె మీ మీద ఆధారపడి బతుకుతోందా అన్నదొక్కటే. అమ్మ నేను పంపే డబ్బుతోనే బతుకుతోంది. "డబ్లిన్‌లో కొన్నాళ్లు కాపురం పెట్టండి, అమ్మగారిని అక్కడికి తెప్పించుకోండి, తరవాత అందరూ కలిసి ఇక్కడికి రండి" అంది వకీలు. ఆగి, "కానీ త్వరపడాలి. వచ్చే డిసెంబరుతో ఆ తలుపు మూసేస్తారు" అంది.

ఆ తలుపు మూసింది ఎవరో ఆవిడకు తెలియదు. నా పక్కన కూర్చున్న మా ఆయనకు తెలుసు. ఆయన ఆ రోజుగానీ, ఆ తరవాతగానీ ఒక్క మాట అనలేదు. మర్నాడే ఆఫీసులో డబ్లిన్ బదిలీకి అర్జీ పెట్టాడు. 2020 మార్చిలో అన్నీ మూతపడ్డాయి. విమానాలు ఆగిపోయాయి, బదిలీ ఆగిపోయింది. అమ్మకు మోకాళ్లు పూర్తిగా పోయింది ఆ ఏడాదే. డిసెంబరు 31 రాత్రి పదకొండింటికి, అంటే బ్రస్సెల్స్‌లో పన్నెండు కొట్టగానే, నా తల్లి రాగలిగిన ఒకే ఒక్క దారి మూతపడింది.

మిగతా వీసా షరతులు కూడా తగ్గలేదు. భార్యనో భర్తనో తెచ్చుకోవాలంటే ఉండవలసిన ఆదాయం 18,600 పౌండ్ల నుంచి 2024 ఏప్రిల్‌లో 29,000కు పెంచారు. వీసాతో పాటు కట్టే ఆరోగ్య సర్‌చార్జి 2015లో ఏడాదికి 200 పౌండ్లు, 2024కి 1,035. తల్లిదండ్రుల నియమం సడలించలేదు. యూరప్ వాళ్ల తలుపు మూసినంత మాత్రాన మన తలుపు తెరుచుకోదన్నది మా ఆయన ఆ రాత్రి చెప్పిన మాటే. వినడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

పక్కింటివాళ్లు 2019 వేసవిలో వెళ్లిపోయారు. ఇక్కడే ఉండొచ్చు, అర్జీ పెట్టుకుంటే చాలు అని ప్రభుత్వం చెప్పింది. ఆవిడ పెట్టుకోలేదు. "పన్నులు కట్టి, పిల్లాణ్ణి కని, పద్నాలుగేళ్లు ఉన్నాక ఇప్పుడు ఉండనిమ్మని అర్జీ పెట్టుకోవాలా?" అంది. బాబ్చా వెళ్లేముందు నా సూదుల డబ్బా సర్ది, మొద్దుబారినవి ఏరి పక్కన పెట్టి, నా చెంప మీద చెయ్యి వేసి ఏదో అంది. నాకు అర్థం కాలేదు. కూతురు అనువదించబోతే గొంతు పూడుకుపోయి, వద్దులే అంది.

అమ్మకు ఈ సంగతంతా 2022లో తెనాలి వెళ్లినప్పుడు చెప్పాను. మంచం మీద కూర్చుని కాళ్లకు నూనె రాయించుకుంటోంది. అంతా విని, "ఆ పెద్దావిడ కూతురి దగ్గరుంటే నీకేం అడ్డమొచ్చిందే?" అంది. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. రెండో కాలు చాపింది. నూనె రాశాను.

పోలండ్‌కి మాత్రం 2023 ఎండాకాలంలో గానీ ఫోన్ చేయలేకపోయాను. ఆ పొద్దుట టీ తాగుతూ అబద్ధం చెప్పానని, ఎందుకు వేశానో, ఎవరిని చూసి కడుపు మండి వేశానో అంతా చెప్పాను. అవతల చాలాసేపు మాట లేదు. తరవాత, అమ్మ పడుకుంది, లేస్తుందేమో, మళ్లీ చేస్తాను అని పెట్టేసింది. మళ్లీ చేయలేదు. నేనూ చేయలేదు. మళ్లీ చేస్తే నా మనసు తేలిక చేసుకోవడానికే అవుతుంది.

ఆ దసరాకు మా అమ్మాయి తన పాత మామిడిపండు రంగు పరికిణీయే కట్టుకుంటానంది. దాని ఐదో ఏట, 2018లో కుట్టింది. ఎదిగే పిల్ల కదా అని గుడ్డ ఎక్కువ పెట్టి, కింద మూడు మడతలు వేసి కుట్టాం. ఏడాది విడిచి ఏడాది ఒకటి చొప్పున రెండు విప్పాం. మూడోది బాబ్చా తన చేత్తో వేసింది. దీపం దగ్గరికి తీసుకెళ్లి చూస్తే, ఆవగింజ ఎడంతో, ఒకే వాలులో, ఆ చివర నుంచి ఈ చివరిదాకా కుట్లు. ఒక్కటీ సడల్లేదు. బ్లేడు తీసి మొదటి కుట్టు కింద పెట్టాను. తీసేసి మళ్లీ డబ్బాలో పెట్టేశాను. పరికిణీ ఆ ఏడాది మడమలకు జానెడు పైనే ఉంది.